లాఖ్ సరస్సు

జర్మనీదేశ మనగానే మనలో చాలమందికి పెద్ద యంత్రశాలలును, రైన్ నదియు, గత శతాబ్దమున జరిగిన రెండు మహాయుద్ధములును జ్ఞప్తికి వచ్చును. ఆ దేశమున అడవికొండల నడుమ ఒదిగియున్న చిన్న సరస్సులనుగూర్చి మనకు చెప్పువారు తక్కువ. అట్టివానిలో నొకదానిని మేము చూచి వచ్చితిమి. దాని పేరు లాఖ్ సరస్సు. మేము దానిని చూడబోయినది విహారమునకుగాదు. ఒక యింటి విషయమై పోయితిమి.

మా తమ్ముడును మరదలును కొన్నియేండ్లుగా కొలోన్ నగరమున కాపురము చేయుచున్నారు. తమ్మునికి ఉద్యోగము కోబ్లెంజ్ పట్టణమునకు మారెను. ఆ ప్రాంతమున మెండిగ్ అను చిన్నయూర ఒక యిల్లు అమ్మకమునకు వచ్చెను. ధర అందుబాటులో నున్నది, వెనుక పెరడున్నది, పిల్లల బడి దగ్గర. అంతయు కుదిరినదనుకొనుచుండగా మరదలు పత్రికలో నొక వార్త చదివినది. ఆ యూరికి నాలుగైదు కిలోమీటరుల దూరముననున్న సరస్సు అడుగున అగ్నిపర్వత మున్నదనియు, అది నిద్రించుచున్నదేగాని చావలేదనియు ఆ వార్త. మేమప్పుడు వారియింట చుట్టములమై యుంటిమి. "వదినా! నిప్పుమీద ఇల్లు పెట్టుకొని యెవరైన నిద్రపోగలరా?" అని ఆమె మమ్మడిగినది. ఏమి చెప్పగలము? "వినికిడిమీద భయపడుటకంటె కంటితో చూచి భయపడుట మేలు. పోయి చూచివత్తము రమ్ము" అంటిమి. మరునాడు తెల్లవారగనే చద్ది మూటతో ఇరువురమును బయలుదేరితిమి.

కొలోన్‌నుండి రైలు రైన్ నది యెడమగట్టు వెంబడి దక్షిణముగా సాగును. ఒక ప్రక్క నది, మరియొక ప్రక్క ద్రాక్షతోటల మెట్లు. ఆండర్‌నాఖ్ అను పట్టణమున దిగి అక్కడ బస్సెక్కితిమి. ఆండర్‌నాఖ్‌నుండి సరస్సునకు పడమరగా సుమారు ఎనిమిది కిలోమీటరులు. బస్సు మెట్టనెక్కి, పొలములు దాటి, అడవిలో దూరి, మరల క్రిందికి దిగగా, చెట్లసందున ఒక్కసారిగా నీరు కనబడినది.

సరస్సు ఇంచుమించు గుండ్రముగా నున్నది. పొడవు రెండు కిలోమీటరులకు కొంచెము తక్కువ. వెడల్పు సుమారు 1,200 మీటరులు. మన లెక్కలో చెప్పవలెనన్న 800 ఎకరముల నీరు. నడుమ లోతు 50 మీటరులకు పైబడియున్నది, అనగా ముప్పది నిలువులు. సముద్రమట్టమునకు 275 మీటరుల ఎత్తున ఈ నీరు నిలిచియున్నది. నలుదెసల కొండలు, ఆ కొండలనిండ బీచ్ వృక్షముల యడవి. అంచులెత్తైన పళ్లెములో నీరు పోసినట్లుండును. ఇందొక విశేషమున్నది. ఈ సరస్సులోనికి వాననీరును చిన్న ఊటలును వచ్చునేగాని, బయటికి పోవుటకు సహజమైన కాలువ యొక్కటియు లేదు. ఈ సంగతి చిన్నదిగా దోచునుగాని, ఇచటి చరిత్రకంతకును ఇదియే మూలమని పిమ్మట మాకు తెలిసినది.

పేరు కూడ వింతయైనదే. లాటిను భాషలో సరస్సునకు 'లాకుస్' అని పేరు. ఆ మాటయే జర్మనుల నోట 'లాఖ్' అయ్యెను. కాలక్రమమున దాని యర్థము మరచి, దానికి మరల తమ భాషలో సరస్సను మాట చేర్చి 'లాఖర్ జే' అనిరి. అనగా సరస్సు సరస్సని యర్థము. మనవారు 'గేటుతలుపు' అనుటలేదా, అట్టిదే యిదియు.

గట్టుచుట్టును ఎనిమిది కిలోమీటరుల కాలిబాట యున్నది. నెమ్మదిగా నడచిన మూడుగంటలలో చుట్టిరావచ్చును. మరదలు తనవెంట ఆ ప్రాంతమును గూర్చిన పుస్తకము తెచ్చినది. నడచుచు నడచుచు, కూర్చున్న చోటనెల్ల దానిని చదువుకొనుచు సాగితిమి.

అగ్నిపర్వతమనగా మనము శిఖరమునుండి పొగలు క్రక్కు కొండ ననుకొందుము. ఇచట కొండ లేదు, గొయ్యి యున్నది. అది యెట్లనగా: భూమిలోపల కరగిన రాతిద్రవము చేరి, అందులో వాయువులు ఇమిడి, పైనున్న నేల మూతవలె అదిమిపట్టియుండెను. గోలీసోడాలో గోలీని నొక్కిన యెట్లగునో మనమెరుగుదుము. అట్లే పై నేల చిట్లగానే వాయువులు విజృంభించి, రాతిద్రవమును నురుగుగా మార్చి ఆకాశమున కెగజిమ్మినవి. లోపలి నేలనీరు తగిలి ఆ ప్రేలుడు మరింత భయంకరమైనది. లోపల గది ఖాళీకాగా పైకప్పు కూలి గొయ్యి యేర్పడెను. ఆ గోతిలో వాననీరు చేరి సరస్సయ్యెను.

ఇది జరిగిన కాలమును పండితులు చక్కగా కనిపెట్టిరి. ఆ బూడిదక్రింద అప్పటి చెట్ల మానులు కాలిబొగ్గై మిగిలియున్నవి. చెట్టు ఏటేట ఒక వలయము పెంచుకొనునుగదా. ఆ వలయములను శోధించి, 1950వ సంవత్సరమునకు 13,006 ఏండ్లకు పూర్వము, తొమ్మిదేండ్లు అటునిటుగా, ఈ ప్రేలుడు జరిగినదని 2021లో ప్రకటించిరి. వసంతము ముగిసి వేసవి వచ్చు సమయమున అది జరిగినదట. బూడిద ఉత్తరమున స్వీడనుదేశము వరకును, దక్షిణమున ఇటలీ వరకును పోయి పడినది. సమీపమున రైన్ నదికే నురుగురాయియు బూడిదయు అడ్డుకట్టగా పడి, నది వెనుకకు తన్ని పెద్ద మడుగుగా నిలిచెను. కొంతకాలమున కా కట్ట తెగి వరద దిగువకు పారెను.

ఇది చదివి మరదలు పుస్తకము మూసినది. ఎదుట నీటిమీద బాతులు పిల్లలతో ఈదుచున్నవి. "ఇక్కడనేనా ఇంత జరిగినది?" అన్నది. మేమును అదియే తలపోయుచుంటిమి.

ఆ ప్రేలుడునకు ముందు ఇచట మనుష్యులుండిరా? ఉండిరి. రైన్ నదికి ఆవలియొడ్డున, నొయ్‌వీడ్ పట్టణముచెంత, గోనర్స్‌డార్ఫ్ అను చోట 1968వ సంవత్సరమున ఒకరు ఇల్లు కట్టుకొనుటకై నేలమాళిగ త్రవ్వుచుండగా, నురుగురాతి పొరక్రింద ప్రాచీనుల నివాసము బయల్పడెను. పదిహేనువేల యేండ్లకు పైబడిన కాలమున అచట గుఱ్ఱములను వేటాడు జనులు గుడారములు వేసికొని కాపురముండిరి. నేలపై పలకరాళ్లు పరచుకొనిరి. ఆ పలకలమీద సన్నని మొనతో బొమ్మలు గీసిరి. గుఱ్ఱములున్నవి, ఏనుగును బోలిన మామతు లున్నవి. అన్నిటికంటె ఎక్కువగా స్త్రీల బొమ్మలున్నవి. అట్టివి వందలకొలది దొరకినవి. తలయు పాదములును లేక, ప్రక్కనుండి చూచినట్లు ఒంటిగీతతో గీసిన రూపములవి. కొన్నిట స్త్రీలు వరుసగా నిలిచి మన కోలాటమువలె ఆడుచున్నట్లుండును. ఒక పలకపై వరుసలోని యొక స్త్రీ వీపున పసిబిడ్డ కట్టియున్నది.

ఆ బొమ్మను మరదలి పుస్తకమున చూచి మేము చాలసేపు ఊరకుంటిమి. ఏ తల్లియో ఎరుగము. ఆ స్త్రీలు ప్రేలుడును చూచినవారు కారు; అంతకు రెండువేల యేండ్లకు పైగా ముందే వారి కాలము చెల్లినది. కాని వారి యిల్లు వాకిలి యట్లే నేలలో నుండగా, పైనుండి బూడిద వచ్చి కప్పినది. ఆ కప్పుటచేతనే గాలివానలకు చెదరక అవి మనవరకు వచ్చినవి. ఒకరి నేలను పాడుచేసిన బూడిదయే మరియొకరి గురుతును దాచినది.

సరస్సునకు తూర్పుగట్టున నొకచోట జనము గుమిగూడి నీటిలోనికి తొంగిచూచుచుండిరి. మేమును చూచితిమి. నీటిలో అడుగునుండి చిన్నచిన్న బుడగలు వరుసగా పైకివచ్చుచున్నవి. ఎసరు కాగుచున్నప్పటి బుడగలవలె నున్నవి. చేయిపెట్టి చూచితిమి, నీరు చల్లగనే యున్నది. ఇవి బొగ్గుపులుసుగాలి బుడగలు, అనగా సోడాలో నుండు గాలియే. భూమి లోతులలోని రాతిద్రవమునుండి ఇది వెలువడుచున్నది. ఈ గాలి మామూలు గాలికంటె బరువు, పల్లపుచోట్ల నిలుచును. అట్టి గుంటలలో దూరిన చిన్నజంతువులు ఊపిరాడక చచ్చుట కలదు. ఆండర్‌నాఖ్ దగ్గర ఈ గాలియే భూమిలోని చల్లని నీటిని 60 మీటరుల ఎత్తునకు చిమ్ముచున్నది. భూమికి బోరువేసిన గొట్టమునుండి వచ్చు ఆ చల్లనీటి చిమ్ము ప్రపంచమున నట్టివానిలోనెల్ల ఎత్తైనది.

బుడగలను చూడగనే మరదలి మొగము వెలవెలపోయినది. ఆ పత్రికలోని వార్త కూడ ఇట్టిదే. 2013వ సంవత్సరము మొదలుకొని ఈ ప్రాంతమున భూమిలో మిక్కిలి లోతున సన్నని కంపములను యంత్రములు పట్టుకొనినవి. మనుష్యులకు తెలియనంత సన్ననివి. అడుగున రాతిద్రవము కదలుచున్నందుకు అవి సూచనలని 2019లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అయితే త్వరలో ప్రేలుడు వచ్చునని వారనలేదు. అట్టి గురుతులు లేవనియే చెప్పి, మరిన్ని యంత్రములు పెట్టి కనిపెట్టుచుండవలెననిరి. పత్రికవారు మొదటిమాటను పెద్ద అక్షరములతోను, రెండవమాటను చిన్న అక్షరములతోను అచ్చువేసినట్లున్నది.

ఇంక సరస్సు నైరృతిమూలకు వచ్చితిమి. అచట నొక ప్రాచీన మఠమున్నది. దాని పేరు మరియా లాఖ్. ఆరు గోపురముల ఆలయము, చుట్టును చక్కని తోటలు. ఆ కట్టడమునకు వాడిన రాయిలో చాలవరకు ఈ యగ్నిపర్వతపు సీమలోనిదే.

దీని కథ స్త్రీలు తెలిసికొనదగినది. పదునొకండవ శతాబ్దాంతమున హేన్రిఖ్ అను ప్రభువు సరస్సు తూర్పుగట్టున కోటగట్టుకొని యుండెను. ఆయన భార్య ఆడెల్‌హైడ్. వారికి సంతానము లేదు. 1093లో ఆ దంపతులు ఆవలిగట్టున మఠమును స్థాపించి ఆలయమునకు పునాది వేయించిరి. రెండేండ్లకే, 1095లో, హేన్రిఖ్ మరణించెను. కట్టడమింకను పూర్తికాలేదు. ఆ కాలమున అట్టి పనులు యజమాని పోగానే ఆగిపోవుట సామాన్యము. ఆడెల్‌హైడ్ పనిని ఆగనీయలేదు. 1100వ సంవత్సరమున తాను మరణించువరకును కట్టడము సాగించినది. ఆమె పోయినపిమ్మట పని మందగించెను. ఆమెకు పూర్వవివాహమున కలిగిన కుమారుడు సీగ్‌ఫ్రీడ్ 1112లో తల్లిదండ్రుల దానమును మరల స్థిరపరచి పని యెత్తుకొనెను. తుదకు 1156లో ఆలయము ప్రతిష్ఠింపబడెను. పునాది పడినది మొదలు 63 ఏండ్లు! పునాది వేసినవారెవరును దానిని పూర్తిగా చూడలేదు.

ఆలయములో హేన్రిఖ్ ప్రభువు సమాధిమీద ఆయన శయనించియున్న విగ్రహమున్నది. చేతిలో ఆలయపు చిన్నబొమ్మ పట్టుకొనియున్నాడు. మా కన్నులు ఆడెల్‌హైడ్‌కొరకు వెదకినవి. బొమ్మను పట్టుకొనినది ఆయనయేగాని, ఐదేండ్లు కూలీలకు కూలి లెక్కజూచి రాళ్లు మోయించినది ఆమెగదా యని మరదలితో నంటిమి.

ఆలయము ముంగిట నాలుగువైపుల స్తంభములతో నొక మండపమున్నది. దానిని వారు స్వర్గమని పిలుతురు. స్తంభములమీది శిల్పములలో ఒకచోట దయ్యము కూర్చుండి జనుల పాపములను వ్రాయుచున్నది. మన చిత్రగుప్తునివలె నున్నదని మరదలు నవ్వినది. ఆనాడు ఆమె నవ్వుట అదియే మొదటిసారి. దానిచెంతనే జుట్లు పట్టుకొని లాగుకొను చిన్నరూపములు కూడ నున్నవి.

మఠము గట్టినవారికి త్వరలోనే పెద్ద చిక్కు వచ్చిపడినది. సరస్సునకు బయటికి దారిలేదని ముందే చెప్పితిమి. వానలు మెండుగా కురిసిన యేడు నీరు పెరిగి మఠపుగోడలకు వచ్చుచుండెను. పెరటినీరు పోవుటకు తూములేని యింటి యవస్థ యెట్టిదో మనము చెప్పుకొనవలసిన పనిలేదు. పండ్రెండవ శతాబ్దమున, ఫుల్బర్ట్ అను మఠాధిపతి కాలమున, దక్షిణపు కొండను తొలిచి 880 మీటరుల పొడవున సొరంగము త్రవ్వించిరి. పైనుండి వరుసగా బావులవలె గోతులు దించి, ఆ గోతుల అడుగుల నుండి అటునిటు తొలుచుకొనుచు పోయి కలిపిరి. పలుగులును దీపములును దప్ప వేరుసాధనము లేని కాలమది. ఆ తూము వలననే మఠము నిలిచినది. అనేక శతాబ్దములు గడచిన పిమ్మట, 1840 ప్రాంతమున, అప్పటి యజమానులు దానికంటె దిగువగా మరియొక సొరంగము త్రవ్వించిరి. సరస్సు మట్టము సుమారు ఐదు మీటరులు తగ్గెను. గట్టున క్రొత్తనేల తేలెను. పూర్వము నీరు నిలిచిన హద్దు నేటికిని గట్టుమీద మెట్టువలె కనబడును.

ఆ యజమానులెవరనగా: 1802లో ఫ్రెంచివారి యేలుబడిలో ఈ మఠమును మూసివేసి, సన్న్యాసులను పంపివేసిరి. ఏడువందల యేండ్ల కాపురము ఒక్క ఉత్తరువుతో ముగిసెను. 1820లో డేలియుస్ అను గృహస్థు ఈ భూమిని కొనెను. 1863లో జెసూటులు వచ్చిరి. మఠమునకు మరియా లాఖ్ అను పేరు వారిచ్చినదే. కాన్‌స్టన్స్ సరస్సునుండి ఫెల్‌ఖెన్ అను జాతి చేపల గ్రుడ్లను తెచ్చి ఇందులో పెంచినవారును వారే. ఆ చేప నేటికిని ఇచటివారికి ఇష్టమైన వంట. 1872 నాటి శాసనముచే జెసూటులు దేశము విడువవలసివచ్చెను. 1892లో మొదటి బెనెడిక్టు సంప్రదాయపు సన్న్యాసులు మరల వచ్చిరి. వారే నేటికిని ఉన్నారు.

ఇటీవలి చరిత్రలో కూడ ఈ మఠమునకొక స్థానమున్నది. 1933లో హిట్లరు ప్రభుత్వము కొలోన్ నగరాధ్యక్షుడైన కోన్రాడ్ ఆడెనవర్‌ను పదవినుండి తొలగించినప్పుడు, ఆయన చిన్ననాటి సహాధ్యాయియైన మఠాధిపతి ఆయనకు ఇచట ఆశ్రయమిచ్చెను. ఇంచుమించు ఒక యేడు ఆయన భార్యాబిడ్డలకు దూరముగా ఈ గట్టున కాలము గడపెను. ఆ మఠమువారే తొలుత ఆ క్రొత్త ప్రభుత్వమును ఆదరించిరన్న సంగతియు దాచదగినది గాదు. ఆడెనవరే 1949లో పశ్చిమజర్మనీకి మొదటి ప్రధానియయ్యెను.

మధ్యాహ్నము తెచ్చుకొనిన చద్ది గట్టుమీద కూర్చుండి తిని, మెండిగ్ యూరికి పోయితిమి. ఇల్లు చూడవలెనుగదా. ఊరిలో అడుగిడగనే మాకు కనబడినవి తిరుగటిరాళ్లు. వీధిమూలలను, పూలతోటలలోను నిలిపియుంచిరి. నల్లని, సన్నరంధ్రములుగల రాయి. ఈ ప్రాంతమున పూర్వపు అగ్నిపర్వతములనుండి పారి గట్టిపడిన రాయి యిది. దీని గుణమేమనగా, ఎంత అరిగినను ఆ రంధ్రములచేత మరల గరుకుగనే యుండును. తిరుగలికి గంటు పెట్టించు శ్రమ మనకు తెలియును గనుక ఈ గుణము విలువ మనకు వేరుగా చెప్పనక్కరలేదు. సమీపమున మాయెన్ అను చోట సుమారు ఏడువేల యేండ్లనుండి తిరుగళ్లకై ఈ రాయి కొట్టుచుండిరి. రోమనుల కాలమున ఈ తిరుగళ్లు పడవలమీద బ్రిటనుదేశమువరకు పోయినవి. ఎన్ని దేశముల స్త్రీల చేతులు ఈ రాతిని త్రిప్పినవో!

మెండిగ్ యూరిక్రింద ఈ రాయిని త్రవ్వి తీసిన గుహలు ఇంచుమించు 30 మీటరుల లోతున పెద్దమందిరములవలె నున్నవి. అందు ఏడాది పొడవునను చలి. పందొమ్మిదవ శతాబ్దమున ఇరువదియెనిమిది సారాయి బట్టీలవారు, తమ బీరు పులియక నిలువయుండుటకై ఆ గుహలను వాడుకొనిరి. మంచుయంత్రము పుట్టగానే ఆ యవసరము తీరి వారు వెడలిపోయిరి. నేడు శీతకాలమున గబ్బిలములు వేలకొలది వచ్చి ఆ గుహలలో నిద్రించును. ఇదియేగాక, బూడిద గట్టిపడి యేర్పడిన మెత్తనిరాయిని పొడిచేసి సున్నముతో కలిపిన అది నీటిలో సైతము గట్టిపడును. మనవారు సున్నములో ఇటుకపొడి కలుపునట్లే. హాలండు దేశమువారు దానిని కొనిపోయి నీటికట్టడములకు వాడిరి. నురుగురాతిని సున్నముతో కలిపి తేలికయైన ఇటుకలు చేయు పరిశ్రమ పందొమ్మిదవ శతాబ్దమధ్యమున పుట్టి ఈ సీమయంతయు వ్యాపించెను.

మేము చూడవచ్చిన యింటిప్రక్క నొక వృద్ధురాలు పెరట పనిచేసికొనుచుండెను. మరదలు ఆమెను పలుకరించి, కొంత జంకుతో, "అమ్మా! మీకు భయము లేదా?" అని సరస్సువైపు చూపి అడిగెను. ఆమె చేతిమట్టి దులుపుకొని తన యింటిగోడను తట్టి చూపినది. ఆ గోడ నురుగురాతి యిటుకలతో కట్టినది. ఆమె తండ్రియు తాతయు ఆ రాతిపనివారట. "మా గోడలు అదియే యిచ్చినది, మా తిండి అదియే పెట్టినది. ఇంక నేలమాళిగ తలుపు తెరచి గాలి పోనిత్తును. గాలినిగూర్చి పురపాలకులను అడిగి తెలిసికొండు. తక్కినది దైవాధీనము" అని మరల పనిలో పడినది. మరదలు ఆమాటలను మాకు తెలుగున చెప్పినది.

మేమాలోచించితిమి. భయమును తీసివేయుట యెవరి తరమును గాదు. మన గోదావరిగట్టున వరద వచ్చునని యెరిగియే ఇండ్లు కట్టుకొంటిమి. సముద్రతీరమున తుపాను వచ్చునని యెరిగియే కాపురములు చేయుచున్నాము. ఎరిగి జాగ్రత్తపడుట వేరు, ఎరుగక యుండుట వేరు. ఫుల్బర్టు నీటికి వెఱచి మఠమును విడిచిపోలేదు, నీటిని తన యిష్టమునకును వదలలేదు, తూము త్రవ్వించెను. ఆ తూమును పూడిపోకుండ తరతరముల వారు శుభ్రపరచుచు వచ్చిరి. గృహస్థధర్మము కూడ ఇట్టిదే యని మాకు తోచినది. ప్రమాదమున్నదని తెలిసినచోట చేయవలసిన పనిని ఏటేట చేయుచుండవలెను. మనచేత గానిదానికొరకు రాత్రులు మేలుకొనరాదు.

తిరిగివచ్చునప్పుడు రైలులో మరదలు కాగితము తీసి వ్రాసికొనుట చూచితిమి. ఏమని అడుగగా, "ఇంటివారిని అడుగవలసినవి వదినా" అన్నది. నేలమాళిగలో గాలి పరీక్ష చేయించిరా? కప్పు ఎన్నాళ్లనాటిది? బావియున్నదా? భీమా యెంత? పొయ్యి కట్టెలదా, గ్యాసుదా? అని పదియో పండ్రెండో ప్రశ్నలు. ఉదయమున నిప్పుమీద నిద్రయెట్లని అడిగిన మనిషి సాయంకాలమునకు కప్పు సంగతి అడుగుచున్నది. మేము నవ్వి యూరకుంటిమి.

మెండిగ్‌లో కొనిన నురుగురాయి యొకటి మావెంట ఇంటికి తెచ్చితిమి. బూడిదరంగున, అరచేయంత యున్నది. మన స్నానపుగదులలో పాదములు రుద్దుకొను రాయివంటిదే. పిల్లలకొరకు దానిని నీళ్లగిన్నెలో వేసితిమి. రాయి మునుగక తేలినది! పిల్లలు దానిని నొక్కి ముంచుటయు, అది మరల పైకివచ్చుటయు, ఆ గిన్నెచుట్టును ఒకటే సందడి. మరదలు వ్రాసిన యుత్తరము ఈ నెలలో వచ్చినది. గాలి పరీక్ష చేయించిరట, దోషములేదని తేలెనట. ఇల్లు కొనిరి. ప్రక్కయింటి వృద్ధురాలు పెరటిలో నాటుకొనుటకు గుమ్మడి నారు ఇచ్చినదట.